దీపం కొండెక్కమని మిషనుకు ఎట్లా చెప్పాలి?

ప్రొద్దుటూరు: అందరికీ నమస్కారం. ఒక మాట కోసం వచ్చినాను. మా ఇంట్లో లైట్లన్నీ స్మార్ట్ బల్బులకు మార్చినాము. హాల్లో చెప్పిన మాట వినే స్పీకరు ఒకటి, వంటింట్లో వేరే కంపెనీది ఇంకొకటి. రెండింటి వెనకా హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో స్మార్ట్ సామాన్లన్నింటినీ ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే చిన్న పెట్టె ఉంది. ఏ వేళకు ఏ లైటు ఎంత వెలగాలో ముందే అమర్చి పెట్టుకుంటే దాన్ని సీన్ అంటారు. పొద్దు గుంకినాక ఒకటి, అన్నాలప్పుడు ఒకటి, పడుకునే ముందు ఒకటి పెట్టుకున్నాము. మొదటి రెండింటికీ పేర్లు కుదిరినాయి, మూడోదాని దగ్గరే తంటా. ‘లైట్లు ఆర్పు’ అని పెడితే మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. దేవుని గూట్లో బల్బు కూడా అందులో ఉంది గదా, రోజూ ఇంట్లో ఆర్పు ఆర్పు అని అరుస్తారా అంటున్నారు. ‘కొండెక్కించు’ అని పెట్టమంటున్నారు. ఆ మాట సరైనదేనా? ఇంగ్లీషు చెవులున్న స్పీకరుకు అది వినిపిస్తుందా?

అనంతపురం: ముందు మాట సంగతి చూద్దామమ్మా. ఎక్కు, ఎక్కించు మామూలు జంటే కాబట్టి ‘కొండెక్కించు’ వ్యాకరణానికి తప్పు కాదు. పూజ అయినాక దీపాన్ని కొండెక్కించినామని అనేవాళ్లు ఉన్నారు. కానీ నా చెవికి అది పూర్తిగా ఒప్పదు. దీపం కొండెక్కింది అంటే నూనె అయిపోయో, గాలి తగిలో తనంతట తాను పోయిందని. మన చెయ్యి అందులో లేదని చెప్పుకోవడానికే ఆ మాట. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాము, గాజు చిట్లితే పెరిగింది అంటాము. ఇవి జరిగినదాన్ని మెత్తగా చెప్పే మాటలు, పని పురమాయించే మాటలు కావు. గాజులు పెంచు అని ఎవరైనా అన్నారా? బియ్యం నింపు అంటే డబ్బాలో పొయ్యమనే అర్థం, ఖాళీ చెయ్యమని కాదు. అట్లాగే కొండెక్కు అనేది కబురుగా బాగుంటుంది గానీ, ఆజ్ఞగా పెడితే దాని మర్యాద పోతుందని నా అభిప్రాయం. ఇది మన ఒక్కరి పట్టింపే అనుకోవద్దు. కొన్ని చోట్ల దీపం ఘనమైంది అంటారు. హిందీవాళ్లలో పెద్దలు కూడా దియా బుఝానా అనరు, దియా బఢానా అంటారు. పెంచడం అన్నమాట.

కర్నూలు: సార్, మా కాడ పేపర్లో రోజూ చదివేది వేరే కొండెక్కడం. పత్తికొండ మార్కెట్‌లో టమాటా కొండెక్కిందంటే ధర మండిపోతోందని. దీపం ఎక్కితే చీకటి, టమాటా ఎక్కితే మంట. రెండూ తెలిసిన మనిషికి ఇబ్బంది లేదు, పాపం మిషను ఏం చేస్తుంది? ఇంకో మాట, సీన్ అనే పేరే నాకు నవ్వొస్తుంది. బల్బుకు అంత సీన్ ఉందా?

ఆదోని: నేను ఈ లైట్లు బిగించే పనిలోనే ఉన్నాను. సార్ చెప్పిన హిందీ మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. అలెక్సాకు 2019లోనే హిందీ వచ్చింది. హిందీలో పెట్టుకున్న ఇంట్లో ఎవరైనా పెద్దావిడ మర్యాదగా ‘లైట్ బఢా దో’ అన్నారనుకోండి, లైటు ఆరదు, వెలుగు ఇంకా ఎక్కువవుతుంది. మర్యాద మాట మిషనుకు తెలియదు, అక్షరాలా తీసుకుంటుంది.

అక్కా, మీ అత్తమ్మగారి బాధ మాటతో తీరేది కాదు, కొంత అమరికతో తీరేది. ‘లైట్లన్నీ ఆఫ్’ అని చెబితే ఇంట్లో లైటు అని పేరున్న ప్రతిదీ పోతుంది, దేవుని గూడు కూడా. సీన్ అట్లా కాదు. అందులో మీరు చేర్చిన బల్బులనే అది ముట్టుకుంటుంది. హాలు ఆఫ్, వంటిల్లు ఆఫ్, నడవాలో బల్బు పది శాతం, 2700 కెల్విన్ పసుపు వెలుగు. అంతే రాయండి. గూట్లో బల్బును అందులో చేర్చకపోతే దాని జోలికి పోదు. నేను బిగించిన ఇళ్లల్లో ఎక్కువ గొడవలు ఈ ‘అన్నీ’ అనే మాట దగ్గరే వచ్చినాయి.

రెండోది, సీన్ వేరు, రొటీన్ వేరు. లైట్లు ఎట్లా ఉండాలో చెప్పేది సీన్. ఏది విన్నప్పుడు ఏమేం చెయ్యాలో చెప్పేది రొటీన్. హోమ్ అసిస్టెంట్‌లో సీన్‌కు ఆన్ ఉంది గానీ ఆఫ్ లేదు. ‘రాత్రి సీన్ ఆఫ్’ అని ఎంత మొత్తుకున్నా ఏమీ కాదు, ఇంకో సీన్‌లోకి పోవాల్సిందే. అందుకే సీన్‌కు పని చెప్పే మాట పెట్టొద్దు, వేళ పేరో సందర్భం పేరో పెట్టండి. చెయ్, ఆపు, వెయ్ లాంటివి రొటీన్‌లో పెట్టుకోండి. ఒకే రొటీన్‌కు రెండు మూడు రకాల మాటలు రాసుకోవచ్చు, మీరు ఒకటి అంటారు, అత్తమ్మగారు ఒకటి అంటారు.

ప్రొద్దుటూరు: ఇది బాగుంది తమ్ముడూ. కానీ మాకు స్పీకరు యాప్‌లో ఒకే సీన్ రెండు సార్లు కనపడతాంది. ఏది నొక్కాలో తెలియడం లేదు.

ఆదోని: బల్బుల కంపెనీ హబ్ (బల్బులన్నింటినీ కలిపి నడిపే వాళ్ల డబ్బా) ఒకసారి, మీ పెట్టె ఒకసారి, అదే సీన్‌ను స్పీకరు యాప్‌కు పంపుతాంటాయి. సీన్లన్నీ పెట్టెలోనే ఉంచుకోండి. హబ్ యాప్‌లో ఉన్నవి తీసేయండి, లేదంటే స్పీకరు యాప్‌కు పోకుండా ఆపండి. రెండు స్పీకర్లకూ పెట్టె నుంచే, అవసరమైనవే పంపండి. నేరుగా సీన్‌ను పిలవాలంటే గూగుల్‌కు ముందు ‘యాక్టివేట్’ అనాలి, అలెక్సాకు ‘టర్న్ ఆన్’ అనాలి. రొటీన్ వెనక పెడితే ఆ బాధ లేదు, మీరు రాసిన మాట ఒక్కటి చాలు.

గుంతకల్లు: తెలుగు మాట వినదు అంటారు గదా మరి?

ఆదోని: స్పీకరు భాష ఇంగ్లీషులో ఉంటే మనం ఏమన్నా దాన్ని దగ్గరి ఇంగ్లీషు మాటలోకి లాగుతుంది. ఒక ఇంట్లో ‘సందె’ అని పెట్టుకున్నారు. అది ‘సండే’ అని విని ఆదివారం తేదీ చెప్పింది. ‘మాపు’ అంటే మ్యాప్ అయిపాయ. నేను గమనించింది ఏందంటే, రెండక్షరాల మాటలు నిలవవు. మూడు నాలుగు అక్షరాలుండి, ఇంగ్లీషులో దగ్గరి మాట లేకుండా ఉంటే నిలుస్తాయి. దీపావళి ఎప్పుడూ తప్పు పోదు. రొటీన్‌లో ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. పెట్టె లోపల మాత్రం పేరు శుభ్రంగా తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు.

అనంతపురం: అయితే సందె వద్దు, మునిమాపు పెట్టుకోండి. మంచి మాట, వాడుకలో సన్నబడిపోతోంది. ఇక రాత్రి దానికి, ఆర్పు కొండెక్కు రెండూ వదిలేసి ‘పవళింపు’ అనుకోవచ్చు గదా? గుళ్లో రాత్రి చివర జరిగేది పవళింపు సేవే. అందులో చీకటి మాటే రాదు, ఆరడం మాటే రాదు. నామవాచకం కాబట్టి తమ్ముడు చెప్పిన లెక్కకూ సరిపోతుంది.

కర్నూలు: సార్, తిరుమలలో రాత్రి చివరి సేవ ఏకాంతం. అది పెట్టుకుంటే ఇంట్లో ఇంకో అర్థం తీస్తారని భయం.

ప్రొద్దుటూరు: 😀 మా అత్తమ్మకు చదివి వినిపించినాను. పవళింపు అనగానే ఒప్పుకున్నారు. రొటీన్‌లో ‘పవళింపు’, ‘గుడ్ నైట్’ రెండూ రాసినాను. హాల్లోది ‘ళ’ను ‘ల’గా వింటోంది, అయినా పని జరుగుతోంది. వంటింట్లోది రెండోసారికి గానీ అందుకోలేదు.

అనంతపురం: ళకు లకు తేడా తెలియని టీవీ యాంకర్లను భరిస్తున్నాము, స్పీకరును భరించలేమా.

గుంతకల్లు: ఒక సందేహం. రాత్రి రెండు గంటలప్పుడు కరెంటు పోయి వస్తే మా ఇంట్లో అన్ని బల్బులూ ఫుల్లుగా తెల్లగా వెలుగుతాయి. ఎండాకాలంలో ఇది రోజూ ఉన్న టెన్షనే. పవళింపులో ఉన్నా ఇట్లా అవుతుందా?

ఆదోని: అవుతుందన్నా. చాలా బల్బులు కరెంటు రాగానే వెలిగేట్టే కంపెనీ నుంచి వస్తాయి, సీన్‌తో దానికి సంబంధం లేదు. బల్బు యాప్‌లో కరెంటు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో అడిగే సెట్టింగు చాలావాటికి ఉంటుంది. పోయే ముందు ఎట్లా ఉన్నిందో అట్లాగే ఉండమని పెట్టండి. గోడ మీద స్విచ్ మాత్రం ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి, అది ఆపితే బల్బు ఎవరి మాటా వినదు.

కర్నూలు: పొద్దున సీన్‌కు ఎవరూ ‘సుప్రభాతం’ అని పేరు పెట్టొద్దండి. మేము పెట్టినాము. లైట్లు వెలగవు, స్పీకరు కౌసల్యా సుప్రజా అని ఎత్తుకుంటుంది.