బెంగళూరులోనే ఉండాలా, వైజాగ్ వెళ్ళిపోవాలా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
మేం ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది. రెండు బెడ్‌రూముల ఇంటికి అద్దె 36 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు. జూన్‌లో అగ్రిమెంట్ అయిపోతుంది, ఓనర్ 43 అడుగుతున్నారు. 2024 వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీదే బతికాం. బియ్యం కడిగిన నీళ్ళు తులసి కుండీకి, బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూమ్‌కి. ఇప్పుడు కుళాయి నిండుగా వస్తున్నా సింకు కింద ఆ బకెట్టు తీయలేదు.

వైజాగ్ సీతమ్మధారలో అమ్మ ఒక్కతే ఉంటోంది. కింది వాటా ఖాళీ. మా ఆయనతో వాళ్ళ మేనేజర్, ఇంటి నుంచి పని చేసుకోవచ్చని నోటిమాటగా అన్నారు. నెలకి 40 వేలు మిగులుతాయి. పాప మూడో తరగతి. కన్నడం గబగబా చదివేస్తుంది, అమ్మమ్మ పంపే తెలుగు మెసేజీ మాత్రం నేను చదివి వినిపించాలి.

అందరూ "ఇంకా ఆలోచనెందుకు" అంటున్నారు. నా ఉద్యోగం మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. చిన్న ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, జీతం 34 వేలు. "అదంతా అద్దెకే పోతోందిగా, అద్దె లేకపోతే ఉద్యోగం ఎందుకు" అంటారు మా అత్తగారు. పాప పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుని సంపాదించుకున్న కుర్చీ అది. వదలబుద్ధి కావడం లేదు. ఇలా వెళ్ళినవాళ్ళు చెప్పండి.

జవాబు (మధురవాడ నుంచి):
మేం 2021లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి వచ్చేశాం. సాయంత్రాలు పిల్లల్ని రుషికొండ బీచ్‌కి తీసుకెళ్తున్నాను, దానికి వెల కట్టలేను. కానీ 2023లో నా ఉద్యోగం పోయింది. ఏడు నెలలు వెతికాను, పిలుపులన్నీ బెంగళూరు, హైదరాబాద్ నుంచే. నోటిమాట నమ్మొద్దండీ, మేనేజర్ మారితే మాటా మారుతుంది. హెచ్‌ఆర్ కాగితం చేతికొచ్చాకే సామాన్లు కట్టండి. మే నెల ఉక్కపోత మర్చిపోయి ఉంటారు, ఏసీ కరెంటు బిల్లు కూడా రాసుకోండి.

జవాబు (అక్కయ్యపాలెం, ట్యాక్స్ ప్రాక్టీసు):
అమ్మా, 40 మిగులుతుందన్నారు, మీరు మానేస్తే 34 పోతుంది. మిగిలేది 6 వేలు. కొత్త అద్దె ప్రకారం చూసినా 13. ఇంట్లోవాళ్ళ ముందు ఈ లెక్క కాగితం మీద పెట్టండి. ఇక మీ పని నాకు తెలిసిందే. నెలనెలా 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20కి 3బి (పన్ను కట్టే రిటర్ను). మీరు ఏ ఊళ్ళో కూర్చున్నారో పోర్టల్‌కి అక్కర్లేదు, ఓటీపీ ఎలాగూ క్లయింటు ఫోన్‌కే వెళ్తుంది. మా దగ్గర ఒకమ్మాయి పార్వతీపురం నుంచే చేస్తోంది. మీ సార్‌ని అడిగారా అసలు?

జవాబు:
అడ్వాన్స్ సంగతి చూసుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోశారు మాకు. నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి. పాప టీసీ సెలవులకి ముందే అడగండి.

మళ్ళీ మారతహళ్ళి నుంచి:
అప్పటికి అడగలేదండీ. మూడు రోజులు ధైర్యం కూడగట్టుకుని నిన్న మా సార్‌ని అడిగాను. ఏప్రిల్, మే రెండు నెలలు ఇక్కడి ఇంటి నుంచే చేసి చూపించమన్నారు. 20వ తేదీ ఒక్కటీ తప్పకపోతే వైజాగ్ నుంచైనా సరేనన్నారు. మా ఆయన హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టారు, ఇంకా జవాబు లేదు. ఆ 6 వేల లెక్క చూపిస్తే అత్తగారు ఏమీ అనలేదు, కాగితం మడిచి దగ్గర పెట్టుకున్నారు. అమ్మకి చెప్పలేదు. చెబితే ఇవాళే కింది వాటాకి సున్నాలు కొట్టించేస్తుంది.