రాత్రిపూట మసకగా వెలిగే బ్యాటరీ లైటు: ఆల్టర్నేటర్ మార్చాలా, తీగలు చూడాలా?

రాజోలు రైతు:
మాది రాజోలు దగ్గర గోదావరి గట్టును ఆనుకుని ఉన్న ఊరు. పదకొండేళ్ల డీజిలు కారు వాడుతున్నాను. నెల రోజులుగా, రాత్రివేళ పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా తిరిగివచ్చేటప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ రెండూ వేస్తే బ్యాటరీ గుర్తున్న ఎర్ర లైటు ఆరబోయే నిప్పు కణికలా మసకగా వెలుగుతోంది. ఏసీ ఆపితే దాదాపు ఆరిపోతుంది. పగటిపూట అది వెలుగుతోందో లేదో కంటికి ఆనదు. తాళం తిప్పగానే మాత్రం మామూలుగా, ప్రకాశంగానే వెలుగుతుంది.

మూడు నెలల క్రితమే కొత్త బ్యాటరీ వేయించాను. అయినా రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫు నీరసంగా తిరుగుతోంది. బెల్టు బిగువుగానే ఉంది. ఇంజినుతో పాటు తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ పాడైందని, మొత్తం మార్చాలని మా మెకానిక్ అంటున్నారు. 2022 జులై వరదలో ఈ కారు మా వాకిట్లోనే సగం చక్రం లోతు నీటిలో రెండు రోజులు నిలిచిపోయిందన్న సంగతి కూడా చెప్పాలి. బ్యాటరీ దగ్గర కొలిస్తే ఇంజిను ఆపినప్పుడు 12.3, నడుస్తుండగా 13.0, లైట్లు, ఏసీ వేస్తే 12.4 వోల్టులు వస్తున్నాయి. ఆల్టర్నేటర్ కొనక ముందు ఇంకేమైనా చూడవలసి ఉందా?

భీమవరం ఆటో ఎలక్ట్రీషియన్:
ఉందండి. మీరు బ్యాటరీ దగ్గర మాత్రమే కొలిచారు. ఆల్టర్నేటర్ దగ్గర కొలవలేదు. బ్యాటరీ వద్ద 12.4 వస్తోందంటే కరెంటు తయారు కావడం లేదని ఒక అర్థం, తయారైనది దారిలో పోతోందని మరొక అర్థం. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చకుండా ఆల్టర్నేటర్ మార్చడం, బోదెకు గండి పడిందో లేదో చూడకుండా మోటారు మార్చడం లాంటిది.

ఇంజినును కాస్త వేగంగా నడుపుతూ, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసి, మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. మీటరు తీగల కొసనున్న ముళ్లలో ఒకదానిని ఆల్టర్నేటర్ వెనుక లావు తీగ బిగించిన బి ప్లస్ బోల్టుకు, రెండవ దానిని బ్యాటరీ ప్లస్ కంబానికి ఆనించండి. తీగ కొసకున్న లోహపు బిగింపుకు (లగ్గుకు) కాదు, కంబానికే. 0.3 వోల్టు లోపు వస్తే ఆ దారి బాగున్నట్టు. తరువాత ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్ కంబానికి మధ్య అలాగే చూడండి, అక్కడ 0.2 దాటకూడదు. తిరిగే బెల్టుకు చొక్కా చేతులు, కండువా దూరంగా ఉంచుకోండి.

మీ లైటు మసకగా వెలగడమే నాకు అనుమానం కలిగిస్తోంది. పాత పద్ధతి బండ్లలో ఆ బల్బుకు ఒక కొస తాళం వైపు నుంచి, అంటే బ్యాటరీ నుంచి, మరొక కొస ఆల్టర్నేటర్ నుంచి వస్తుంది. రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉంటే బల్బు ఆరిపోతుంది. ఆల్టర్నేటర్ 14 ఇస్తూ ఉండగా బ్యాటరీ 12.4 దగ్గరే ఆగితే, ఆ తేడాకు బల్బు వత్తి ఎర్రబడుతుంది.

అంతర్వేది రొయ్యల చెరువులు:
మా వైపు ఉప్పుగాలికి ఇది కొత్త కాదు. నా బండిలో లావు తీగ పైకి నిగనిగలాడుతూనే ఉంది. తొడుగు కోసి చూస్తే లోపల రాగి జానెడు పొడవునా నల్లబడి ఉంది. నేను ఆల్టర్నేటర్ నుంచి నేరుగా బ్యాటరీకి మరొక లావు తీగ లాగించేశాను. రెండేళ్లయింది, ఇబ్బంది లేదు.

రాజోలు రైతు:
మీరు చెప్పినట్టే కొలిచాను. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉంది! ప్లస్ వైపు తేడా 1.8, మైనస్ వైపు 0.1. ఆల్టర్నేటర్ నుంచి పెద్ద ఫ్యూజుల పెట్టె వరకు ఉన్న తీగలోనే 1.6 పోతోంది. పెట్టె దగ్గరి లగ్గు ముట్టుకోలేనంత వేడిగా ఉంది, దాని మెడ చుట్టూ పచ్చని చిలుము పట్టింది. చిలుము గోకి, బిగిస్తే సరిపోతుందా, లేక అంతర్వేది వారు చెప్పినట్టు రెండవ తీగ వేయించమంటారా?

భీమవరం ఆటో ఎలక్ట్రీషియన్:
రెండూ వద్దండి. అంతర్వేది వారు ఏమీ అనుకోవద్దు; ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వెళ్లే తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఇంజిను ఆపి ఉన్నా సరే, బ్యాటరీలోని శక్తి అంతా అక్కడే మంటగా మారుతుంది. అంతర్వేది వారు కూడా ఆ తీగకు బ్యాటరీ దగ్గరే తగిన ఫ్యూజు పెట్టించుకోండి.

రాజోలు వారి తీగలో 45 ఆంపియర్లు పోతున్నాయనుకుంటే, 1.8 వోల్టుల నష్టమంటే సుమారు 80 వాట్లు. అందులో ఎక్కువ పాలు ఆ ఒక్క తీగలోనే వేడిగా పోతోంది. లగ్గు కాలడానికి అదే కారణం. చిలుము గోకితే పైపై మెరుగు వస్తుంది గాని, తేమ లోపలి రాగి పోగుల వెంట వత్తిలో నూనె పాకినట్టు పాకిపోయి ఉంటుంది. తీగను రెండు కొసల లగ్గులతో సహా మార్చండి. 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని, వేడికి ఓర్చే వాహనాల రాగి తీగ అడగండి. ఇళ్లకు వేసే తీగ ఇంజిను వేడికి పనికిరాదు. లగ్గును సుత్తితో అణచనీయకుండా క్రింపింగ్ యంత్రంతో నొక్కించి, లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించండి.

పని మొదలు పెట్టేటప్పుడు ముందుగా బ్యాటరీ మైనస్ తీయాలి, బిగించేటప్పుడు దానిని చివర పెట్టాలి. ఆల్టర్నేటర్ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుందని మరచి స్పానర్ పెట్టిన వాళ్ల చేతులు కాలడం నేను చూశాను. బ్యాటరీ కంబాల మీద తెల్లని పొక్కు ఉంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన వాజిలీన్ రాయండి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి ఆల్టర్నేటరును పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. ఆ ఒక్క క్షణంలో లేచే వోల్టేజీకి బండి కంప్యూటరు పాడైపోవచ్చు. చేయనీయకండి.

రాజోలు రైతు:
నిన్న అమలాపురంలో తీగ మార్పించాను. పాత తీగను కొసనుంచి మూరెడు చీల్చి చూస్తే, ఒక్క చోట కూడా రాగి రంగు కనబడలేదు. ఇప్పుడు లైట్లు, ఏసీ వేసినా ఆల్టర్నేటర్ దగ్గర 14.1, బ్యాటరీ దగ్గర 13.9 ఉన్నాయి. రాత్రి చించినాడ దాకా వెళ్లి వచ్చాను, లైటు వెలగలేదు. ఈ ఉదయం బండి తీయక ముందు బ్యాటరీ 12.6 చూపింది. ఆల్టర్నేటర్ నుంచి సన్నగా గరగరమనే చప్పుడు మాత్రం వస్తోంది. వరద ఒండ్రు బేరింగులోకి చేరిందేమో, వచ్చే వారం విప్పించి చూపిస్తాను.