డ్యామ్ వరద లెక్క: రోజువారీ వర్షాన్ని గంటలకు ఎలా పంచాలి?

హైడ్రాలజీ ఇంజనీర్లకు నమస్కారం. గోదావరి ఉపనది మీదున్న పాత డ్యామ్ ఒకదానికి స్పిల్‌వే (అదనపు నీటిని వదిలే మార్గం) చాలుతుందో లేదో మళ్లీ లెక్కగట్టే పని నాకు అప్పగించారు. నిల్వ 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటుతుంది కాబట్టి స్పిల్‌వే సామర్థ్యంపై ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 11223 ప్రకారం గరిష్ఠ సంభావ్య వరదనే (అక్కడ రాగలిగిన అతి పెద్ద వరదనే) తీసుకోవాలి. అందులో పేచీ లేదు.

చిక్కంతా వానతోనే. పరివాహక ప్రాంతం చిన్నది, వాలు ఎక్కువ. కొద్ది గంటల్లోనే వరద డ్యామ్‌ను చేరుతుంది. నా దగ్గరున్నవేమో ఉదయం 8.30కి తీసిన రోజువారీ కొలతలు. రాత్రి మొదలై పొద్దున పదింటి దాకా కురిసిన వాన రెండు రోజుల పద్దుల్లోకి చీలిపోతుంది. ఈ లోటు సరిచేసి అసలైన 24 గంటల గరిష్ఠ వానను రాబట్టడానికి రోజువారీ అంకెను 1.13తో హెచ్చిస్తే సరిపోతుందా? ఆ తర్వాత 24 గంటల వానను ఒకే ముద్దగా పెడితే గరిష్ఠ ప్రవాహం ఒకలా, రెండు 12 గంటల ముద్దలుగా విడదీస్తే మరోలా వస్తోంది. తేడా చిన్నదేమీ కాదు.

2009 అక్టోబరులో శ్రీశైలంలో నీరు 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 అడుగులకు చేరిన సంగతి మా పై అధికారి ప్రతి సమావేశంలోనూ ఎత్తుతారు. అందుకే తక్కువ అంకె చూపించడానికి ధైర్యం చాలడం లేదు.

గంటల లెక్క నమోదు చేసే వర్షమాపకం దగ్గర్లో ఒకటుంది, కానీ కొండకు అవతలి వైపు. దాని గంటల వాటాలను ఇక్కడ వాడుకోవచ్చా? ఇలాంటి నివేదికలను ఆమోదానికి పంపినవారు ఏ పద్ధతి పాటించారో చెప్పగలరా?