నూతన విశ్వాసికి బాప్తిస్మం ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ):
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. కొంతకాలంగా మా సంఘానికి వస్తున్న ఒక యువకుడు, ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాడు, క్రీస్తును రక్షకునిగా అంగీకరించానని సాక్ష్యం చెప్పి బాప్తిస్మం అడుగుతున్నాడు. మా పాస్టరుగారు పాఠాలు పూర్తిచేసి వచ్చే ఈస్టరుకు తీసుకొమ్మన్నారు. అతని స్నేహితులు వెళ్లే మరొక సహవాసంలో మాత్రం, నమ్మిన తరువాత ఒక్క వారం ఆగినా అవిధేయతేనని, ఈ ఆదివారమే కృష్ణా నదికి రమ్మని చెబుతున్నారట. సంఘ పెద్దనని నన్ను సలహా అడిగాడు. ఆది సంఘ చరిత్ర చెప్పే బైబిలు గ్రంథం అపొస్తలుల కార్యములలో ఎవరినీ ఆపినట్టు కనబడదు కదా. మరి మనం ఏ ఆధారంతో ఆపుతున్నాం?

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ):
ఆధారం లేదనే నా అవగాహన. పెంతెకొస్తు దినాన ఇంచుమించు మూడువేలమంది ఆ రోజే బాప్తిస్మం పొందారు. ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు కనబడగానే ఆటంకమేమిటని అడిగాడు. వారంతా లేఖనాలు ముందే ఎరిగినవారని కొందరంటారు గాని, ఆ సమాధానం ఫిలిప్పీ చెరసాల నాయకుని దగ్గర నిలవదు. అతడు అన్యుడు (యూదుడు కానివాడు), అయినా ఆ రాత్రే ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందాడు.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
సోదరుడు చెప్పిన చెరసాల నాయకుని సంగతి బలమైనదే. అయితే పదహారో అధ్యాయం 32వ వచనాన్ని దాటిపోకూడదు: బాప్తిస్మానికి ముందే పౌలు, సీలలు అతనికీ ఇంటనున్న వారందరికీ వాక్యం బోధించారు. బోధ క్లుప్తమైనదే కావచ్చు, అసలు లేకపోలేదు. అలాగే ఎనిమిదో అధ్యాయంలో నపుంసకునితోపాటు గారడీవాడైన సీమోను కూడా ఉన్నాడు. అతడూ నమ్మి బాప్తిస్మం పొందినవాడే, ఆ తరువాత దేవుని వరాన్ని ద్రవ్యమిచ్చి కొనబోయాడు. ఒకరిని చూపి మరొకరిని దాచడం న్యాయం కాదు.

ఆది సంఘం తొందరపాటుకు ఫలితం చూసింది కనుకనే క్రమంగా జాగ్రత్తపడింది. ఆది సంఘపు బోధ గ్రంథమైన ‘దిదాఖే’ బాప్తిస్మానికి ముందు ఒకటి రెండు రోజుల ఉపవాసం కోరుతుంది. ఆది సంఘ బోధకుడు హిప్పోలితు పేరిట వ్యాప్తిలో ఉన్న ‘అపొస్తలిక సంప్రదాయం’ అనే గ్రంథం మూడేళ్ల బోధ చెబుతూనే, శ్రద్ధగలవాని విషయంలో కాలాన్ని కాక ప్రవర్తనను చూడమంటుంది. 325లో బిషప్పులు సమావేశమైన నైసియా సభ తన రెండవ నియమంలో, కొత్తగా వచ్చినవారికి హడావుడిగా బాప్తిస్మమిచ్చి వెంటనే బిషప్పులను చేయడాన్ని తప్పుపట్టింది. (మన దగ్గరా బాప్తిస్మమైన నెలకే మైకు అందుకునేవారు తక్కువేమీ కాదు.)

అంత దూరం పోనక్కరలేదు, మన పక్కనున్న ఒంగోలు చరిత్రే చాలు. 1876–78 కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. ఆ కాలమంతా బాప్తిస్మం అడిగినవారిని ఆయన ఆపారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, వచ్చినవారి ఉద్దేశం తేటపడాలని. సహాయం ఆగిపోయిన తరువాత కూడా వారు వెనుదిరగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంతకాలం ఆపినాయనే, కారణం తీరాక ఇంకొక్క పండుగ కోసం ఆపలేదు. మీ పాస్టరుగారిని అడగవలసిన ప్రశ్న ఇదే: ఈస్టరు దాకా అనడానికి కారణం ఆ యువకునిలో ఉందా, లేక క్యాలెండరులో ఉందా?

జవాబు (గుణదల, విజయవాడ):
కతోలిక సంఘంలో పెద్దవారికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) సాధారణంగా పాస్కా జాగరణ రాత్రే, అంటే ఈస్టరుకు ముందు రాత్రే ఇస్తారు, 387లో పునీత అగస్తీను మిలానులో పొందినట్టుగా. క్యాలెండరు అంటూ తేలికగా తీసివేయకండి. క్రీస్తు మరణ పునరుత్థానాలలో పాలుపొందడమే దాని భావం కనుక ఆ రాత్రికి అర్థముంది. ప్రాణాపాయంలో ఉన్నవారికి మాత్రం వెంటనే ఇస్తాం.

ప్రశ్న అడిగినవారు:
వందనాలండి. ఒక సంగతి ముందు రాయలేదు. అతనికి ఎస్సీ సర్టిఫికెట్ ఉంది, ప్రభుత్వ ఉద్యోగానికి చదువుతున్నాడు. ఉద్యోగం వచ్చేదాకా ఆగమని బంధువులు చెబుతున్నారు.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
ఇది దాచకుండా మాట్లాడవలసిన విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతాన్ని అవలంబించేవారికి ఎస్సీ హోదా వర్తించదు. మన రాష్ట్రంలో అలా మారినవారు బీసీ-సీ కిందికి వస్తారు. ఆ ఉత్తర్వు అడిగేది ఏ మతాన్ని అవలంబిస్తున్నారని. బాప్తిస్మం అందుకు ఒక సాక్ష్యం. కాబట్టి విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకుంటూ బాప్తిస్మాన్ని మాత్రమే వాయిదా వేస్తే చిక్కు తీరిపోదు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, దానిపై నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నదికి రమ్మంటున్నవారు ఈ సంగతి అతనికి చెప్పి ఉంటారని నేననుకోను. ముందు ఒక వకీలును కలిపించండి, అతని తల్లిదండ్రులతో మీరే వెళ్లి మాట్లాడండి. ఖర్చు ఎంతో తెలిసి కూడా అతడు మళ్లీ వచ్చి అడిగితే, మిగిలిన పాఠాలను బాప్తిస్మం తరువాత చెప్పవచ్చునని పాస్టరుగారికి విన్నవించండి.