అనుభవం లేకుండా ‘ఎ ప్రయోరి’ జ్ఞానం ఎలా?

ప్రశ్న: ‘ఎ ప్రయోరి’ అంటే అనుభవంతో పనిలేని జ్ఞానం అంటారు. మరి 7+5=12 అని పిల్లలు చింతగింజలు లెక్కపెట్టే కదండీ నేర్చుకునేది?

జవాబు 1: నేర్చుకునే దారి వేరు, రుజువయ్యే దారి వేరు. జ్ఞానం అనుభవంతో మొదలైనా, అంతా అనుభవంలోంచే పుట్టదని జర్మన్ తత్వవేత్త కాంట్ తన ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ 1787 కూర్పు పీఠికలో అంటాడు. 7 గింజలకు 5 కలిపితే 11 వచ్చాయనుకోండి. ఒకటి చాపకిందికి దొర్లిందేమోనని వెతుకుతాం గానీ కూడిక తప్పని ఎవరూ అనరు. అదే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయన్న మాట తీసుకోండి. కొండమీద కొలిస్తే అంతకన్నా తక్కువకే మరుగుతాయి, అప్పుడు మాటనే సవరించుకుంటాం. ఎదురుసాక్ష్యం వచ్చినప్పుడు దేన్ని వదులుకుంటామో చూడండి, తేడా అక్కడుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘పొగ ఉంటే నిప్పు ఉంటుంది’ కూడా ఇదేనా?

జవాబు 2: కాదు. చాలామంది అనుమాన ప్రమాణాన్ని (ఒక గుర్తును చూసి కనబడనిదాన్ని ఊహించి తెలుసుకోవడాన్ని) దీనితో కలిపేస్తారు, అది పొరపాటు. అన్నంభట్టు రాసిన న్యాయశాస్త్ర గ్రంథం ‘తర్కసంగ్రహం’ ప్రకారం పొగకూ నిప్పుకూ ఉన్న వ్యాప్తిని, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న సంబంధాన్ని, వంటిల్లు వంటిచోట్ల పదేపదే చూసే గ్రహిస్తాం. పునాది ప్రత్యక్షమే, అంటే ఇంద్రియాలతో తెలుసుకున్నదే.

జవాబు 3: ఇంకొకటి. ఎ ప్రయోరి అంటే ‘తప్పనిసరిగా నిజం’ అని రాసేయకండి. నీరంటే హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయికే అన్నది తప్పనిసరి సత్యమే, అయినా ప్రయోగశాలలోనే తెలిసిందని అమెరికన్ తత్వవేత్త క్రిప్కీ 1970 ఉపన్యాసాల్లో వాదించాడు.