యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెడితే లినక్స్ మింట్‌లో సీడీ కనిపిస్తోంది

బడిపంతులు:
అందరికీ నమస్కారం. మా బడి ల్యాప్‌టాప్‌లో లోపలి వైఫై చెడిపోతే గోరంత యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొన్నాం. విండోస్ 10లో చక్కగా పనిచేస్తోంది. లినక్స్ మింట్ 21.3లో మాత్రం వైఫై జాబితాయే రాదు. దానికి బదులు డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ వస్తోంది, తెరిస్తే విండోస్ సెటప్ ఫైలు ఉంది. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం కొడితే దాని గుర్తింపు సంఖ్య 0బీడీఏ:1ఎ2బీ అని చూపిస్తోంది. అడాప్టర్ తిరిగి ఇచ్చేయమంటారా?

తీగలమేస్త్రి:
ఇవ్వకండి మాస్టారూ, అది బాగానే ఉంది. ఇలాంటి అడాప్టర్లలో ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) ముందు సీడీ వేషం వేస్తుంది. విండోస్ వాళ్లు డ్రైవర్ (పరికరంతో కంప్యూటర్‌ను మాట్లాడించే ప్రోగ్రామ్) కోసం వెతుక్కోనక్కర్లేకుండా చేసిన ఏర్పాటు అది. పాత 3జీ డేటాకార్డులూ ఇంతే. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే అసలు రూపం బయటపడుతుంది. 1ఎ2బీ అనేది చాలా చిప్‌లకు ఉమ్మడి సంఖ్య, దాన్ని బట్టి ఏ డ్రైవర్ కావాలో చెప్పలేం. ఎజెక్ట్ చేసి, మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి, కొత్త సంఖ్య ఇక్కడ పెట్టండి. అంతవరకు దయచేసి ఎక్కడెక్కడి డ్రైవర్లో దించుకోకండి. విడిగా కంపైల్ చేసిన డ్రైవర్ కెర్నల్ (లినక్స్ మూలభాగం) మారినప్పుడల్లా మొరాయిస్తుంది, బడి కంప్యూటర్‌కు ఆ బాధ ఎందుకు?

బడిపంతులు:
చేశాను. ఇప్పుడు 0బీడీఏ:సీ811 అంటోంది. వైఫై ఇంకా రాలేదు. కెర్నల్ 5.15.

తీగలమేస్త్రి:
అయితే మీ చిప్ 8811సీయూ. దీని డ్రైవర్ పేరు ఆర్‌టీడబ్ల్యూ88. అందులో యూఎస్‌బీ అడాప్టర్లకు చోటు దొరికింది 2023లో వచ్చిన కెర్నల్ 6.2 నుంచే, మీ 5.15లో అది లేదు. ఫోను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి, నెట్ వస్తుంది. అప్‌డేట్ మేనేజర్‌లో ‘వ్యూ’ కింద లినక్స్ కెర్నల్స్ జాబితా ఉంటుంది. 6.8 ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. పాత కెర్నల్‌ను తీసేయకండి, తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి.

రాత్రిబడి:
డెబియన్ అనే మరో లినక్స్ వాడేవారికి ఒక మాట. సీడీ మోడ్ దాటాక కూడా కొన్నిసార్లు డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని, ‘ఎర్రర్ -2’ అని వస్తుంది. -2 అంటే ఆ ఫైలు డిస్కులో లేదని. చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ వేరు, డ్రైవర్ ప్రతిసారీ డిస్కు నుంచి ఎక్కించేది వేరు. ఈ చిప్ తయారుచేసే రియల్‌టెక్ పేరుతో ఉన్న ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. డెబియన్ 12 కెర్నల్ 6.1 కాబట్టి బ్యాక్‌పోర్ట్స్ (పాత విడుదలకు కొత్త ప్యాకేజీలు ఇచ్చే చోటు) నుంచి కొత్త కెర్నల్ కూడా కావాలి.

బడిపంతులు:
6.8తో వైఫై వచ్చింది! చాలా సంతోషం. కానీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ సీడీయే కనిపిస్తోంది.

తీగలమేస్త్రి:
యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. పెట్టగానే ఎజెక్ట్ ఆదేశం పంపడమే దాని పని. అది ఉన్నా సీడీయే వస్తుంటే, 1ఎ2బీ దాని పట్టికలో లేదన్నమాట. అప్పుడు ఆ సంఖ్యకు ఒక యూడెవ్ నియమం (ఆ పరికరం పెట్టగానే ఏం చేయాలో చెప్పేది) రాయాలి, చూసి చెప్పండి, రాసి పెడతాను.