పీడీఓ 100 దగ్గరకి రావట్లేదు, ఎక్కడ పోతోంది?

పటమట కుర్రాడు:
రాత్రి పదింటికి కూర్చున్నా, ఇప్పుడు మూడయింది. హాకీ ఆటగాళ్ళకి పీడీఓ వేస్తున్నా. షూటింగ్ శాతం, సేవ్ శాతం కలపడమే కదా? ఒకతనికి 109 వస్తోంది, ఇంకొకతనికి 94. ఎక్సెల్ ఫార్ములా పదిసార్లు చూశా, తప్పు దొరకట్లేదు. ఎవరైనా చెప్పండి, పిచ్చెక్కుతోంది.

బ్రాడీపేట మాస్టారు:
హాకీలో ముందు చూడాల్సింది పెనాల్టీ కార్నర్లు బాబూ. 1980 మాస్కో స్వర్ణం తర్వాత మనకి ఒలింపిక్ పతకం రావడానికి 2021 దాకా పట్టింది. డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడు ఎన్నింటికి ఎన్ని గోల్ చేశాడో రాసుకో, ఆట అర్థమవుతుంది. మన పిల్లలకి స్టిక్ పట్టుకోవడం నేర్పేవాళ్ళే కరువయ్యారు.

పటమట కుర్రాడు:
మాస్టారూ, నాది ఐస్ హాకీ. అమెరికా, కెనడా జట్ల లీగ్, ఎన్‌హెచ్‌ఎల్. పీడీఓ అన్నాను కదా, తెలిసిపోతుందనుకున్నా.

బెంజిసర్కిల్:
షూటింగ్ శాతం ఎవరిది?

పటమట కుర్రాడు:
ఆ ఆటగాడిదే అన్నా. ఇంకెవరిది?

బెంజిసర్కిల్:
అదే తప్పు. అతను మంచు మీదున్నంతసేపూ జట్టంతా కొట్టింది తీసుకో. అయిదుగురికి అయిదుగురు ఆడిన సమయమే. ఎదుటి జట్టులో ఒకడు శిక్ష మీద బయటుండే పవర్‌ప్లే తీసెయ్.

అరండల్‌పేట లెక్కలు:
ఎందుకో కూడా చెప్తా. అతనున్నప్పుడు మీవాళ్ళు గోల్ మీదకి 100 కొట్టి 8 గోల్స్ చేశారనుకో, ఎదుటివాళ్ళ 100లో మీ గోలీ, అదే గోల్ కీపర్, 92 ఆపాడనుకో. 8, 92 కలిపితే 100. ఒకరి గోల్ ఇంకొకరి గోలీ వదిలేసిందే కాబట్టి లీగంతా కలిపితే 100 రాక తప్పదు. ఎవరిదైనా బాగా పైనుంటే అదృష్టం కలిసొచ్చిందని అనుమానించాలి. కొలరాడో అవలాంచ్ జట్టు 2013-14లో 112 పాయింట్లు తెచ్చుకుంది. కోర్సీ, అంటే గోల్ వైపు ఎవరెన్ని కొట్టారన్న లెక్క, చూస్తే మాత్రం షాట్ ప్రయత్నాల్లో ఎదుటివాళ్ళదే పైచేయి, పీడీఓ ఆకాశంలో. మరుసటి ఏడు ప్లేఆఫ్స్‌కే రాలేదు.

బ్రాడీపేట మాస్టారు:
అదృష్టం అనకండి. కష్టపడి ఆపిన గోలీని అవమానించినట్టు. ఇంతకీ పీడీఓ అంటే పూర్తిగా ఏమిటి?

అరండల్‌పేట లెక్కలు:
ఏమీ లేదండీ, ఈ ఆలోచన ముందు చెప్పిన బ్రయన్ కింగ్ నెట్‌లో పెట్టుకున్న మారుపేరు. గోలీ గొప్పవాడైతే జట్టు పీడీఓ ఏళ్ళ తరబడి కాస్త పైనే ఉంటుంది, మీరన్నది నిజమే. అదృష్టం బదులు యాదృచ్ఛికం అందాం.

బెంజిసర్కిల్:
జనం అదృష్టమనే అంటారు. కోర్సీని లీగ్ 2015లో తన సైట్‌లో షాట్ అటెంప్ట్స్ అని పెట్టుకుంది. ఎవరన్నా అలా పిలుస్తున్నారా?

అరండల్‌పేట లెక్కలు:
కోర్సీ చూసేటప్పుడు స్కోరు కూడా చూడు తమ్ముడూ. ముందున్న జట్టు వెనక్కి తగ్గి కాచుకుంటుంది, ఓడుతున్నవాళ్ళు దొరికినచోట నుంచల్లా కొడతారు. స్కోరు సమంగా ఉన్నప్పటి ఆట విడిగా తీస్తే మేలు.

పటమట కుర్రాడు:
109 కాస్తా 102 అయింది! రెండో అతనిది మాత్రం 94 దగ్గరే ఉంది.

బెంజిసర్కిల్:
ఎన్ని మ్యాచులు?

పటమట కుర్రాడు:
ఆరు.

బెంజిసర్కిల్:
సీజన్‌కి ఎనభైకి పైనే. ఆరింటితో ఏం తేలుతుంది? పాతిక దాటనీ.

పటమట కుర్రాడు:
సరే అన్నా, థాంక్స్. అయిదున్నరకి మ్యాచ్ ఉంది, కాసేపు పడుకుంటా.

బ్రాడీపేట మాస్టారు:
మన హాకీలో కూడా గోల్ మీదకి ఎన్ని కొట్టారో, ఎన్ని ఆపారో ఆటగాడి వారీగా ఎక్కడన్నా దొరుకుతుందా? మా పిల్లలకి వేసి చూపిస్తాను.